తక్కువా, నిలకడా: మిత్ర పురుగుల లెక్క

(హైదరాబాద్‌లో గణిత అధ్యాపకులు, వ్యవసాయ విద్యార్థులు, కొందరు రైతులు పాల్గొన్న ఒక సభలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం. చివర్లో సభికుల ప్రశ్నలు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

పోస్టర్ మీద "జీవ నియంత్రణ – గణిత నమూనాలు" అని వేశారు. జీవ నియంత్రణ అంటే పంటను తినే పురుగును, దాన్ని తినే మిత్ర పురుగులతో అదుపు చేయడం. గణితం అంటే వ్యవసాయం వాళ్లు, పురుగులంటే లెక్కల వాళ్లు వెనక్కి తగ్గుతారేమో అనుకున్నాను. ఇద్దరూ వచ్చారు, సంతోషం. బోర్డు మీద చాలా తక్కువ రాస్తాను. రాసిన ప్రతిదాన్నీ మాటల్లో కూడా చెబుతాను.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. బేగంపేటలో రోనాల్డ్ రాస్ పేరు మీద ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది అక్కడే. ఈ సంగతి హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. ఆ తర్వాతి కథ మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. దోమల్ని తగ్గిస్తే మలేరియా పోతుందని రాస్ అంటే, ఉన్న దోమలన్నిటినీ ఎవరు చంపగలరని ఎదురు ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. దానికి ఆయన జవాబు వాదనతో చెప్పలేదు, సమీకరణాలతో చెప్పాడు. దోమలన్నీ చావనక్కర్లేదు. మనుషుల సంఖ్యతో పోలిస్తే దోమలు ఒక హద్దు కంటే తగ్గితే చాలు, జబ్బు దానంతటదే ఆరిపోతుంది. ఒక రోగి నుంచి సగటున ఒక కొత్త రోగి కూడా తయారు కాకపోతే జబ్బు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ సమీకరణాల్ని 1923లో కూలంకషంగా విశ్లేషించినవాడు ఆల్ఫ్రెడ్ లోట్కా అనే గణిత శాస్త్రవేత్త. ఆయనే 1925లో వేటాడే జీవికీ వేటకు చిక్కే జీవికీ మధ్య లెక్కను పుస్తకంలో పెట్టాడు. మనం ఈరోజు మాట్లాడుకోబోయే గణితం అక్కడి నుంచే పెరిగింది. కాబట్టి ఈ చెట్టు వేళ్లలో ఒకటి బేగంపేట దాకా వచ్చిందని చెప్పుకోవచ్చు. మన ఊరి మీద ప్రేమతో కొంచెం సాగదీస్తున్నాననుకోండి, పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

రాస్ చెప్పినదాంట్లో మనకు కావాల్సింది ఆ హద్దు. జీవ నియంత్రణ కూడా పురుగును నిర్మూలించే పని కాదు. మిత్ర పురుగుకు తిండి శత్రు పురుగే. తిండి మొత్తం అయిపోతే మిత్రుడూ పోతాడు. అందుకని ఇక్కడ అడగాల్సినవి రెండే. పురుగు ఎంత తక్కువ స్థాయికి దిగుతుంది? ఆ స్థాయిలో నిలకడగా ఉంటుందా, లేక ఎగిరెగిరి పడుతుందా? తక్కువ, నిలకడ – ఈ రెండూ ఒకేసారి చేతికి చిక్కవన్నదే నేను ఈరోజు చెప్పబోయేది. ఒకటి కావాలంటే రెండోదాంట్లో కొంత వదులుకోవాలి. గణితం లేకుండా ఈ బేరం కంటికి కనపడదు.

మొదటి లెక్క వోల్టెరాది. ఇటలీ గణిత శాస్త్రవేత్త, 1926. ఆయనకు కాబోయే అల్లుడు డి'అంకోనా చేపల శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గింది. ఆ రోజుల మార్కెట్ లెక్కలు చూస్తే షార్కుల లాంటి వేటాడే చేపల వంతు పెరిగింది. వేట తగ్గితే అన్ని చేపలూ పెరగాలి గానీ, వేటాడేవి ప్రత్యేకంగా ఎందుకు పెరిగాయని అల్లుడి ప్రశ్న. మామగారు రెండు వాక్యాలు రాశారు. మన పొలం భాషలో రాస్తాను:

పురుగుల మార్పు = పుట్టుక రేటు × పురుగులు − వెతికే శక్తి × పురుగులు × మిత్రులు

మిత్రుల మార్పు = మార్పిడి × వెతికే శక్తి × పురుగులు × మిత్రులు − చావు రేటు × మిత్రులు

వెతికే శక్తి అంటే ఒక్క మిత్రుడు రోజుకు పురుగుల్లో ఎంత వంతును వెతికి పట్టగలడన్నది. మార్పిడి అంటే తిన్న పురుగుల్లో ఎంత వంతు కొత్త మిత్రులుగా మారుతుందన్నది. రెండు మార్పులూ సున్నా అయ్యే చోటు వెతకండి. అదే సమతౌల్య స్థాయి. రెండో వాక్యాన్ని మిత్రుల సంఖ్యతో భాగిస్తే ఇది వస్తుంది:

పురుగులు = చావు రేటు ÷ (మార్పిడి × వెతికే శక్తి)

దీని ముందు ఒక నిమిషం ఆగండి. ఇందులో పురుగు పుట్టుక రేటు లేదు. పురుగు ఎంత వేగంగా పిల్లల్ని పెట్టినా దాని సమతౌల్య స్థాయిని నిర్ణయించేది అది కాదు, దాని శత్రువు గుణాలు. పుట్టుక రేటు వెళ్లి మిత్రుల స్థాయిలో కూర్చుంటుంది: మిత్రులు = పుట్టుక రేటు ÷ వెతికే శక్తి. పురుగు ఎక్కువ పెడితే లాభపడేది దాన్ని తినేవాడు.

ఇప్పుడు మందు కొడదాం. రెంటినీ ఒకే రేటున చంపే మందు. బోర్డు కోసం కొన్ని అంకెలు నేనే అనుకుంటున్నాను: పురుగు పుట్టుక రేటు రోజుకు 0.2, మిత్రుల చావు రేటు 0.1, వెతికే శక్తి 0.02, మార్పిడి 0.1. మందు లేకుండా పురుగులు 50, మిత్రులు 10. మందు రోజుకు అదనంగా 0.05 రేటున రెంటినీ చంపుతోందనుకోండి. మిత్రుల చావు రేటు 0.15 అవుతుంది, పురుగు నికర పుట్టుక 0.15కి తగ్గుతుంది. లెక్క వేయండి. పురుగులు 75, మిత్రులు 7.5. మందు కొట్టాక పురుగు పెరిగింది. చేపల వేట తగ్గితే షార్కులు పెరగడానికి కూడా కారణం ఇదే, అటు నుంచి ఇటు తిప్పి చదివితే చాలు.

కాగితం మీద గారడీ అనుకునేవాళ్లకు పొలం నుంచి రెండు సంగతులు చెబుతాను.

ఒకటి, కాలిఫోర్నియా నారింజ తోటలు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పొలుసు పురుగు, దూది అంటించినట్టు తెల్లగా ఉంటుంది, 1880ల్లో ఆ తోటల్ని దాదాపు ముంచేసింది. 1888లో ఆల్బర్ట్ కోబెల్ అనే కీటక శాస్త్రవేత్త ఆస్ట్రేలియా వెళ్లి, దాన్ని తినే వెడాలియా అనే అక్షింతల పురుగును పట్టి పంపాడు. తొలి విడతల్లో చేరినవి మొత్తం 129. రెండేళ్లు తిరక్కుండానే తోటలు కోలుకున్నాయి. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఆ పురుగు గొడవే లేదు. 1940ల చివర్లో డీడీటీ వచ్చింది, తోటల్లో కొట్టారు, అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్లీ లేచింది. మందు ఆపి అక్షింతల పురుగుల్ని తిరిగి వదిలితే గానీ సర్దుకోలేదు.

రెండోది మనకు దగ్గరిది, వరిలో సుడిదోమ. ఇక్కడున్న రైతులకు దాని గురించి నేను చెప్పేదేముంది. దుబ్బుల మొదళ్లలో చేరి రసం పీలుస్తుంది, చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. దాన్ని తినేవి సాలీళ్లు, మిరిడ్ నల్లులు. ఇండోనేషియాలో 1970లు, 80ల్లో మందు ఎంత కొడితే సుడిదోమ అంత పెరిగింది. 1986లో అక్కడి అధ్యక్షుడు ఒక్క ఉత్తర్వుతో వరిలో 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాడు. మందుల మీద ఇచ్చే సబ్సిడీని తర్వాతి ఏళ్లలో ఎత్తేశారు. వరి దిగుబడి పడిపోలేదు. మన దగ్గర కూడా వరిలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టొద్దని శాస్త్రవేత్తలు చెబుతున్నది ఈ భయంతోనే. అయితే ఒక జాగ్రత్త. సుడిదోమ తిరగబెట్టడానికి మొత్తం కారణం వోల్టెరా లెక్క ఒక్కటే కాదు. కొన్ని మందులు స్వల్ప మోతాదులో సుడిదోమ చేత ఎక్కువ గుడ్లు పెట్టిస్తాయి కూడా. సమీకరణం ఒక కారణాన్ని పట్టుకుంటుంది, అన్నిటినీ కాదు.

ఇక రెండో లెక్క. ఇది నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇది మొదట ఓడిపోయింది.

మిత్ర పురుగుల్లో వేటాడేవి కాక ఇంకో జాతి ఉంది, బదనికలు. ట్రైకోగ్రామా తెలుసు కదా, ఆవగింజలో సగం కూడా ఉండదు. పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు లోంచి గొంగళి పురుగు రాదు, ఇంకో బదనిక వస్తుంది. లెక్కల వాళ్లకు బదనిక అంటే ప్రాణం. దొరికిన ఒక్కో గుడ్డుకు ఒక బదనిక పుడుతుంది కాబట్టి వేటనీ పుట్టుకనీ విడివిడిగా లెక్కించే బాధ లేదు.

1935లో ఆస్ట్రేలియాలో నికల్సన్ అనే కీటక శాస్త్రవేత్త, బెయిలీ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి దీనికి లెక్క రాశారు. బదనికలు గుడ్ల కోసం ఏ పద్ధతీ లేకుండా ఎక్కడంటే అక్కడ వెతుకుతాయని అనుకున్నారు. అప్పుడు ఒక గుడ్డు తప్పించుకునే అవకాశం, వెతికే శక్తినీ బదనికల సంఖ్యనీ గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. ఆ లబ్ధం 1 అయితే 37 శాతం గుడ్లు తప్పించుకుంటాయి. 2 అయితే 13.5 శాతం. 3 అయితే 5 శాతం.

ట్రైకో కార్డులు కొనేవాళ్లకు ఈ మూడు అంకెలు చాలు. ఒక కార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి, బియ్యం పురుగు గుడ్లలో పెంచిన బదనికలవి. మీ చేనుకు ఒక మోతాదు వేస్తే 63 శాతం గుడ్లు దొరికాయనుకోండి. రెండో మోతాదుతో ఇంకో 23 శాతం కలుస్తాయి. మూడోదానితో 8 శాతం చిల్లర. ఖర్చు మాత్రం ప్రతిసారీ అంతే. నూటికి నూరు గుడ్లు పట్టే దాకా కార్డులు కట్టుకుంటూ పోవడం డబ్బు తగలేయడమే. ఎక్కడ ఆపాలన్నది పురుగు మీద కన్నా పంట ధర మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ఈ లెక్కలోంచి ఇంకొకటి బయటపడుతుంది, దీన్ని విద్యార్థులు రాసుకోవాలి. పురుగు తరానికి రెట్టింపు అవుతోందనుకుందాం. సమతౌల్యంలో ఉండాలంటే సరిగ్గా సగం గుడ్లు పోవాలి, 50 శాతం. పదింతలయ్యే పురుగైతే 90 శాతం పోవాలి. అంటే సమతౌల్యంలో బదనిక పట్టిన గుడ్ల శాతం పురుగు పెరుగుదల రేటును చెబుతుంది తప్ప బదనిక మంచిదో కాదో చెప్పదు. వెతికే శక్తి రెట్టింపైన కొత్త బదనికను తెచ్చి వదలండి. పురుగుల స్థాయి సగానికి పడుతుంది, పట్టిన గుడ్ల శాతం మాత్రం అదే 50 దగ్గర ఉంటుంది. "మా బదనిక 80 శాతం గుడ్లను పట్టింది" అని నివేదికల్లో గొప్పగా రాస్తారు. నేను మాత్రం చేనులో పురుగులు ఎన్ని మిగిలాయని అడుగుతాను.

మరి ఓడిపోయిందని ఎందుకన్నాను? నిలకడ దగ్గర. పురుగు తరానికి రెట్టింపు, వెతికే శక్తి 0.05, పట్టిన ఒక్కో గుడ్డుకు ఒక బదనిక అనుకుందాం. సమతౌల్యం దాదాపు 28 పురుగులు, 14 బదనికలు. దానికి కాస్త పక్కన, 24 పురుగులు, 12 బదనికలతో మొదలుపెట్టి తరం తరం లెక్క వేస్తే ఇలా వస్తుంది. నాలుగో తరానికి పురుగులు 37. ఎనిమిదో తరానికి 15. పన్నెండో తరానికి 73. పదిహేనో తరానికి 2. పదిహేడో తరం వచ్చేసరికి బదనిక ఒకటి కూడా మిగల్లేదు, లెక్కలో 0.1 అని వస్తుంది. ఆ తర్వాత పురుగుకు అడ్డే లేదు. ప్రతి ఊపూ ముందటి ఊపు కన్నా పెద్దది. ఇంటికెళ్లి ఎక్సెల్‌లో రెండు గడులు పెట్టి లాగి చూడండి, పది నిమిషాల పని.

కానీ బయట బదనికలు బతికే ఉన్నాయి. వేల ఏళ్లుగా ఉన్నాయి. కాబట్టి లెక్కలో ఏదో పోయింది. అదేమిటో వెతకడంలోనే ఈ శాస్త్రం తర్వాతి నలభై ఏళ్లూ నడిచింది. సూత్రం సరిగ్గా కుదిరి ఉంటే ఎవరికీ ఇంత తెలిసేది కాదు.

పోయింది స్థలం. కాలిఫోర్నియాలో హఫేకర్ అనే కీటక శాస్త్రవేత్త 1958లో చేసిన ప్రయోగం చూడండి. నారింజ పండ్ల మీద బతికే ఒక నల్లి, దాన్ని తినే ఇంకో నల్లి. కొన్ని పండ్లు ఒక ట్రేలో పెట్టి రెంటినీ వదిలితే, తినేది అన్నిటినీ తినేసి తనూ చచ్చింది. ఆయన పట్టువదల్లేదు. పండ్ల సంఖ్య పెంచాడు, మధ్యలో వాజెలిన్ గట్లు పోశాడు, చిన్న నల్లి గాలిలో తేలి పోవడానికి పుల్లలు నిలబెట్టాడు. చివరికి 252 పండ్ల ఏర్పాటులో రెండు జాతులూ మూడు పెద్ద అలల పాటు కలిసి బతికాయి. నల్లులు అవే, తిండీ అదే. మారింది అమరిక ఒక్కటే. పిల్లలు దాగుడుమూతలు ఆడే ఇంట్లో గదులు పెరిగితే ఆట ఎక్కువసేపు సాగినట్టు, ఇక్కడా అంతే జరిగింది.

దీన్ని సమీకరణంలోకి తెచ్చింది రాబర్ట్ మే అనే శాస్త్రవేత్త, 1978లో. బదనికలు చేనంతా సమానంగా వెతకవు, కొన్ని చోట్ల గుమిగూడతాయి, కొన్ని చోట్ల తొంగి కూడా చూడవు. ఈ ఎగుడుదిగుడుకు ఆయన ఒక అంకె పెట్టాడు. ఆ అంకె 1 కంటే తక్కువైతే, అంటే గుమిగూడడం బాగా ఎక్కువగా ఉంటే, ఊపులు చల్లారి లెక్క నిలబడుతుంది. చూడని మూలల్లో మిగిలిన పురుగులే తర్వాతి తరం బదనికలకు తిండి.

ఇక బేరం సంగతి. నా పాత లెక్కలోనే ఆ అంకెను 0.5 చేయండి. నిలకడ వచ్చేసింది. కానీ సమతౌల్యంలో పురుగులు 28 కాదు, 60. నిలకడకు కట్టిన ధర అది. 28 కావాలంటే ఊపులు భరించాలి, ఊపులు వద్దంటే 60తో సర్దుకోవాలి. ఏది ఎంచుకోవాలి? గణితం చెప్పదు. చెప్పేది ఆర్థిక నష్ట పరిమితి, అంటే మందు ఖర్చు కన్నా పంట నష్టం ఎక్కువ కాబోతోందని తెలిపే పురుగుల స్థాయి. కాలిఫోర్నియాలో స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్ అనే నలుగురు 1959లో ఈ మాటను స్థిరం చేశారు. మీ పంటకు ఆ హద్దు 100 అయితే 60 హాయిగా సరిపోతుంది, నిద్రపోవచ్చు. హద్దు 40 అయితే ఆ బదనిక ఒక్కటే చాలదు, దానికి ఇంకోటి తోడు కావాలి. అంతేగానీ "జీవ నియంత్రణ పనిచేస్తుందా, చేయదా" అని గంపగుత్తగా అడగడంలో అర్థం లేదు.

మూడో సంగతి త్వరగా చెప్పేస్తాను. హోలింగ్, కెనడా శాస్త్రవేత్త, 1959. కళ్లకు గంతలు కట్టిన సహాయకురాలి చేత బల్ల మీది గరుకు కాగితం బిళ్లల్ని వేలితో తడిమి ఏరించాడు. బిళ్లలు పెంచేకొద్దీ ఏరడం పెరిగింది గానీ, ఒక చోట ఆగింది, ఎందుకంటే ఒక్కో బిళ్లను తీసి పక్కన పెట్టడానికి కూడా టైమ్ పడుతుంది. అక్షింతల పురుగుదీ అదే పరిస్థితి. ఒక పేనుబంకను తినడానికి పావుగంట పట్టిందనుకుంటే పన్నెండు గంటల్లో 48కి మించి తినలేదు. పది అక్షింతల పురుగులు కలిసి 480. పేనుబంక రోజుకు 20 శాతం పెరుగుతుంటే, 2400 దాటాక ఆ పదీ ఎంత తిన్నా ముందుకే పోతుంది. నిజానికి అంతకంటే ముందే చేయి దాటుతుంది. బదనికలనైనా అక్షింతల పురుగులనైనా పురుగు కనపడగానే వదలాలి, చేను నిండాక కాదు అనేది ఈ వంపు లోంచే వస్తుంది. ఆడ పురుగు వాసనతో ఆకర్షించే లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు పడడం మొదలైన రోజుల్లోనే కార్డులు కట్టమని చెప్పేది అందుకే. కార్డును సాయంత్రం పూట ఆకు అడుగున కట్టాలి. మన మే నెల ఎండను ఏ సమీకరణమూ తట్టుకోలేదు, బదనిక ఎక్కడ తట్టుకుంటుంది!

ఇంతసేపూ సమతౌల్యం అన్నాను. ఇప్పుడు దాని మీదే అనుమానం పెడతాను. బత్తాయి, మామిడి తోటల్లో చెట్టు ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి సమతౌల్యానికి అర్థం ఉంది. వరి నాలుగు నెలల్లో కోసేస్తాం. సుడిదోమకు ఆ లోపల నాలుగైదు తరాలకు మించి అవకాశం లేదు. నేను చూపించిన ఊపులు ఎనిమిది, పన్నెండు, పదిహేను తరాల కథ. అక్కడిదాకా చేనే ఉండదు. మర్డాక్ అనే జీవ శాస్త్రవేత్త, మరో ఇద్దరు 1985లోనే ఈ మాట గట్టిగా అన్నారు: మంచి జీవ నియంత్రణకు స్థానికంగా నిలకడ అక్కర్లేదు, ఒక మడిలో పురుగూ మిత్రుడూ ఇద్దరూ అంతరించినా ఫర్వాలేదు, పక్క మడి నుంచి మిత్రుడు సమయానికి వస్తే చాలు. నా ఉద్దేశంలో మన వరికి ఈ లెక్కే దగ్గర.

సమయానికి ఎలా వస్తాడు? ఇండోనేషియా వరిలో చేసిన ఒక పెద్ద పరిశీలన 1996లో అచ్చయింది. నాటిన కొత్తల్లో, సుడిదోమ ఇంకా రాకముందే, మడి నీళ్లలో కుళ్లిన ఆకులు, నాచు తిని బతికే చిన్న పురుగులు తెగ ఉంటాయి. పైరుకు వాటితో ఏ హానీ లేదు. సాలీళ్లు ముందు వాటిని తిని పెరుగుతాయి. సుడిదోమ దిగేసరికి సైన్యం సిద్ధంగా ఉంటుంది. నాటిన మొదటి రోజుల్లో ఆకుమీద ఏదో పురుగు కనపడిందని గుళికలు చల్లితే, చచ్చేది ఆ సైన్యం తిండి. నాటిన 40 రోజుల దాకా మందు జోలికి పోవద్దని వియత్నాంలో రైతుల మధ్య ప్రచారం కూడా చేశారు. గట్ల మీద నువ్వులు, బంతి, అలసంద వేయమని రాజేంద్రనగర్‌లో శిక్షణలో చెబుతున్నారు కదా, దాని వెనకా ఇదే ఉంది. బదనికకు పూల తేనె దొరుకుతుంది, సాలీడుకు నీడ దొరుకుతుంది, పక్క మడికి దూరం తగ్గుతుంది. హఫేకర్ పుల్లలు నిలబెట్టిన పనే మనం గట్టు మీద చేస్తున్నాం.

విజయాలు లేవా అంటే ఉన్నాయి. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనపడి దక్షిణాదిలో బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటల్ని కుదేలు చేసింది. 2010లో బెంగళూరు శాస్త్రవేత్తలు ప్యూర్టోరికో నుంచి మూడు జాతుల బదనికలు తెప్పించి వదిలారు. వాటిలో ఎసెరోఫేగస్ పపాయే అనే ఒక్క జాతి చాలావరకు పని కానిచ్చింది. బయటి నుంచి వచ్చిన పురుగు, దాని సొంత ఊరి శత్రువు, చాలాకాలం ఉండే చెట్లు: ఈ మూడూ కలిసిన చోట నికల్సన్, మే ల లెక్క బాగా పనిచేస్తుంది. మన ఊరి పురుగు మీద మన ఊరి బదనికనే కొనుక్కొచ్చి ప్రతి సీజన్‌లో వదిలేది వేరే ఆట. అందులో కార్డుల లెక్క చాలు.

నేను ఇక్కడ ఆపి ప్రశ్నలు తీసుకుంటాను.

(చేవెళ్ల నుంచి వచ్చిన ఒక రైతు: "సార్, మీరు చెప్పింది బాగనే ఉంది. బదనిక వచ్చేదాకా నేను చూస్కుంట కూసుంటే టమాట చేనును పురుగు తినేస్తది. మందు కొట్టకుంటే ఎట్ల?")

మీ భయం నిజమే పెద్దాయనా. మందు అసలు కొట్టొద్దని నేను అనడం లేదు. వోల్టెరా లెక్కలో పురుగును పెంచింది రెంటినీ సమానంగా చంపే మందు. పురుగునే ఎక్కువగా చంపి మిత్రుణ్ని వదిలేసే మందైతే ఫలితం వేరు. శనగపచ్చ పురుగుకు ఎన్‌పీవీ వైరస్ ద్రావణం ఉంది, ఆ పురుగుకే తగులుతుంది, సాలీడుకు ఏమీ కాదు. సాయంత్రం పూట, పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. టమాటాలో బంతి ఎర పంటగా వేస్తే శనగపచ్చ పురుగు తల్లి ముందు బంతి పూల మీదే గుడ్లు పెడుతుంది, అక్కడ చూస్తే చేనులోకి ఎప్పుడు దిగబోతోందో తెలుస్తుంది. అప్పటికీ హద్దు దాటితే కొట్టండి. మొదటి రోజు మాత్రం కొట్టకండి.

(ఒక విద్యార్థిని: "ఈ నమూనాల్ని ఫోన్ యాప్‌లో పెట్టి, ఫలానా తేదీన పురుగు ఎంత ఉంటుందో చెప్పగలమా?")

పురుగు ఎప్పుడు వస్తుందో ఒక మాదిరిగా చెప్పొచ్చమ్మా. పురుగు ఎదుగుదల వేడిని బట్టి ఉంటుంది, రోజూ ఎంత వేడి పోగయిందో కూడితే గుడ్డు ఎప్పుడు పగులుతుందో అంచనా వస్తుంది. ఎంత వస్తుందో చెప్పడం కష్టం. వెతికే శక్తి అని ఇందాక 0.05 అని ఊరికే రాసేశాను. దాన్ని గాజు సీసాలో కొలిస్తే ఒక అంకె, నీడ గుడారంలో ఒక అంకె, నిజం చేనులో ఇంకో అంకె వస్తుంది. నువ్వు పరిశోధన చేస్తానంటే ఆ ఒక్క అంకెను మన వరి మడుల్లో సరిగ్గా కొలిచి చూడు. కొత్త సమీకరణం రాయడం కన్నా దానికి ఎక్కువ ఓపిక కావాలి, ఎక్కువ ఉపయోగమూ ఉంటుంది.

(వెనక వరుస నుంచి ఒక అధ్యాపకుడు: "పూర్తిగా నిర్మూలించే గణితం లేనే లేదా?")

ఉంది, కానీ అది మిత్ర పురుగులది కాదు. పురుగు అరుదైతే బదనికకు అది దొరకదు, పట్టు సడలుతుంది. దీనికి సరిగ్గా తలకిందులుగా పనిచేసే పద్ధతి ఒకటుంది. అమెరికాలో నిప్లింగ్ అనే కీటక శాస్త్రవేత్త 1955లో లెక్క వేశాడు. పది లక్షల ఆడ పురుగులు, అన్నే మగ పురుగులు ఉన్న చోట రేడియేషన్‌తో వంధ్యం చేసిన ఇరవై లక్షల మగవాటిని ప్రతి తరంలో వదలాలి. మొదటి తరంలో మూడింట ఒక్క జతే ఫలిస్తుంది, 3,33,333 మిగులుతాయి. వదిలేది మళ్లీ ఇరవై లక్షలే, ఇప్పుడు ఏడింట ఒకటి, 47,619. తర్వాత 1,107. ఆ తర్వాత ఒకటి కూడా మిగలదు. పురుగు తగ్గేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. ఇందులో పురుగు సహజంగా పెరగదని అనుకున్నాడు. తరానికి అయిదింతలయ్యేదైతే మొదట్లోనే ఒకటికి నాలుగుకు మించి వదలాలి, కాబట్టి ముందు వేరే మార్గాలతో దాన్ని తగ్గించుకుని తీరాలి. అమెరికా పత్తిలో గులాబీ రంగు పురుగును ఇలాగే వదిలించుకున్నారు, 2018 అక్టోబరులో ప్రకటించారు. అక్కడ పురుగు బీటీ విషానికి అప్పటికింకా లొంగేది, ఆ ప్రాంతపు పత్తి రైతులంతా ఒకే కార్యక్రమంలో చేరారు, ఫీనిక్స్‌లో పెంచిన వంధ్య పురుగుల్ని విమానాల్లో తెచ్చి చల్లారు. మన దగ్గర గులాబీ పురుగు రెండు జన్యువుల బీటీని కూడా తట్టుకుంటోంది, రెండెకరాల కమతాలు, ఎవరి కోత వారిది. మనం ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఆ లెక్కలో మొదటి మెట్టు. డిసెంబరు దాటాక పత్తిని ఇంకో కాపు కోసం ఉంచకుండా తీసేయడం, పత్తి కట్టెను వేసవి దాకా గట్టు మీద కుప్పగా పెట్టకుండా ఉండడం. అదీ ఒక్క రైతు చేస్తే లాభం లేదు, ఊరంతా ఒకే వారంలో చేయాలి.